ఏఎఫ్‌ఎల్ షెడ్యూల్‌లో న్యాయం ఎంత? టీవీలో మా జట్టు ఎందుకు కనిపించదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మెల్‌బోర్న్ వచ్చి రెండేళ్లయింది, ఆఫీసులో అందరూ ఫుటీ (ఏఎఫ్‌ఎల్ లీగ్‌లో ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) గురించే మాట్లాడుతుంటే మీరూ చూడటం మొదలుపెట్టారు, నార్త్ మెల్‌బోర్న్‌ను మీ జట్టుగా ఎంచుకున్నారు. శుక్రవారం రాత్రి టీవీ పెడితే ఎప్పుడూ అవే నాలుగైదు జట్లు కనిపిస్తున్నాయి, మీ జట్టు మ్యాచ్ ఏ ఆదివారం సాయంత్రమో ఉంటోంది. కొన్ని జట్లతో రెండుసార్లు, మిగతా వాటితో ఒక్కసారే ఆడటం కూడా మీకు అర్థం కాలేదు. ఇందులో న్యాయం ఉందా అని అడిగారు.

ఇవి రెండు ప్రశ్నలు, నా దగ్గర రెండు వేర్వేరు జవాబులున్నాయి. ఎవరితో ఎన్నిసార్లు ఆడాలన్న దాంట్లో అసమానత తప్పదు, కానీ దాన్ని కాలక్రమంలో సరిచేయొచ్చు. ఏ రోజు, ఏ టైముకి, ఏ ఛానల్‌లో అన్నది మాత్రం ప్రతి ఏడాదీ మనుషులు కూర్చుని తీసుకునే నిర్ణయం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

నేను 2008 నుంచి ఇక్కడ పశ్చిమ శివార్లలో ఉంటున్నాను. మా ఇద్దరు పిల్లలూ జూనియర్ ఫుటీ ఆడారు. వాళ్ల పుణ్యమా అని మా శివారు జూనియర్ లీగ్‌లో మ్యాచ్‌ల షెడ్యూల్ వేసే కమిటీలో తొమ్మిదేళ్లు వాలంటీర్‌గా పనిచేశాను. ఇక్కడివాళ్లు షెడ్యూల్‌ను ఫిక్చర్ అంటారు. చిన్న లీగ్ అయినా తలనొప్పులు అవే: గ్రౌండ్ దొరకదు, రెండు క్లబ్బులకు ఒకటే గ్రౌండ్, ఒక పేరెంట్ ఆదివారం వద్దంటారు, ఇంకొకరు శనివారం వద్దంటారు. అందుకే షెడ్యూల్ వేసేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఈ విమర్శ కూడా చేస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. లీగ్‌లో 18 జట్లున్నాయి. ఒక్కో జట్టుకు 17 మంది ప్రత్యర్థులు. అందరితో సొంత గ్రౌండ్‌లో ఒకసారి, వాళ్ల గ్రౌండ్‌లో ఒకసారి ఆడాలంటే 34 మ్యాచ్‌లు కావాలి. ఒక్కో ఆటగాడు మ్యాచ్‌లో పది పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తే, ఒంటికి ఒళ్లు గుద్దుకునే ఆట ఇది. 34 వారాలు ఏ శరీరమూ తట్టుకోదు. అందుకే 2023 నుంచి 23 మ్యాచ్‌లు ఆడుతున్నారు. అందరితో ఒకసారి 17, మిగిలిన ఆరు మ్యాచ్‌లు ఆరు జట్లతో రెండోసారి. అంటే 11 జట్లతో ఒక్కసారే తలపడతారు. ఆ రెండోసారి ఎదురయ్యే ఆరుగురు ఎవరన్న దాని మీదే గొడవంతా.

మన ఐపీఎల్‌లోనూ ఇదే పద్ధతి ఉంది, మనం పెద్దగా గమనించలేదు. 2022లో పది జట్లయ్యాక ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు: ఐదు జట్లతో రెండుసార్లు, నాలుగింటితో ఒక్కసారి. సన్‌రైజర్స్‌కు ఏ ఐదుగురు రెండుసార్లు వచ్చారని ఉప్పల్‌లో ఎవరూ లెక్కపెట్టరు. కానీ అక్కడ తేడా నాలుగు మ్యాచ్‌లే. ఇక్కడ పదకొండు.

ఈ లీగ్ ఎప్పుడూ ఇలా లేదు. అప్పట్లో దీని పేరు వీఎఫ్‌ఎల్ (విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్), అంతా మన విక్టోరియా రాష్ట్రపు జట్లే. 12 జట్లున్న రోజుల్లో 1970లో 22 రౌండ్ల సీజన్ వచ్చింది. 11 మంది ప్రత్యర్థులు, ఒక్కొక్కరితో రెండుసార్లు, లెక్క సరిగ్గా సరిపోయింది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ సిడ్నీకి తరలిపోయినా జట్ల సంఖ్య మారలేదు. 1987లో వెస్ట్ కోస్ట్, బ్రిస్బేన్ చేరి 14 జట్లయ్యాక ఆ సమానత్వం పోయింది, మళ్లీ రాలేదు. ఒక్క 2020లో మాత్రం కోవిడ్ పుణ్యాన ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఒక్కసారే ఆడింది. మ్యాచ్‌లోని నాలుగు భాగాలను (క్వార్టర్లు) కుదించారు, ఆటగాళ్లు ఇళ్లకు దూరంగా హబ్‌లనే శిబిరాల్లో ఉండి నానా అవస్థలు పడ్డారు. అయినా ఈ 18 జట్ల కాలంలో ప్రత్యర్థుల విషయంలో అంత సమానంగా ఉన్న సీజన్ మరొకటి లేదు.

ఆరు మ్యాచ్‌ల తేడా పెద్దదేనా అని మీకు అనిపించవచ్చు. పట్టికలో గెలుపుకు నాలుగు పాయింట్లు, డ్రాకు రెండు. పాయింట్లు సమానమైతే పర్సెంటేజ్ చూస్తారు, అంటే చేసిన స్కోరును ఇచ్చిన స్కోరుతో భాగించి వందతో గుణిస్తారు. ఈ మ్యాచ్‌లన్నీ అయ్యాక కప్పు కోసం ఆడే చివరి దశను ఫైనల్స్ అంటారు, అప్పట్లో మొదటి ఎనిమిది జట్లే అక్కడికి వెళ్లేవి. 2017లో ఆ ఎనిమిదో స్థానం వెస్ట్ కోస్ట్‌కు 105.7తో దక్కింది. మెల్‌బోర్న్ అనే జట్టు 105.2తో ఇంటికి వెళ్లింది. సగం శాతం తేడా. ఆ వెస్ట్ కోస్ట్ మొదటి ఫైనల్‌లో పోర్ట్ అడిలైడ్‌ను అదనపు సమయంలో, సైరన్ మోగాక కొట్టిన కిక్‌తో ఓడించింది. 2022లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ 108.9, కార్ల్‌టన్ 108.3. కార్ల్‌టన్ చివరి మ్యాచ్‌ను కాలింగ్‌వుడ్‌కు ఒక్క పాయింట్ తేడాతో కోల్పోయింది. 2024లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ ఇద్దరికీ 52 పాయింట్లే, ఈసారి పర్సెంటేజ్‌తో కార్ల్‌టన్ లోపలికి, కాలింగ్‌వుడ్ బయటికి. బలహీనమైన జట్టుతో రెండోసారి ఆడి స్కోరులో 80 పాయింట్ల తేడాతో గెలిస్తే పట్టికలో నాలుగు పాయింట్లు రావడమే కాదు, పర్సెంటేజ్ కూడా మూడు నాలుగు శాతం ఎగబాకుతుంది. సగం శాతం దగ్గర సీజన్ తేలిపోయే లీగ్‌లో ఆ ఆరు మ్యాచ్‌లు ఎవరితో అన్నది చిన్న విషయం ఎలా అవుతుంది?

ఆ ఆరుగురిని ఎలా ఎంచుతారంటే, గత ఏడాది పట్టికను మూడు ముక్కలు చేస్తారు: పై ఆరు, మధ్య ఆరు, కింది ఆరు. పై ఆరు జట్లకు పై జట్లతోనే ఎక్కువ రెండో మ్యాచ్‌లు, కింది వాళ్లకు కింది వాళ్లతో. ఉద్దేశం మంచిదే, వెనుకబడినవాళ్లకు కాస్త ఊపిరి. చిక్కల్లా నిన్నటి బలం రేపటి బలం కాకపోవడమే. రిచ్‌మండ్ 2016లో 13వ స్థానం, 2017లో ఛాంపియన్. కాలింగ్‌వుడ్ 2021లో 17వ స్థానం, 2022లో నాలుగో స్థానం. జీలాంగ్ 2022లో కప్పు గెలిచి 2023లో 12వ స్థానానికి జారింది. కిందటేడాది చలిని చూసి ఈ ఏడాది స్వెట్టర్ కొనుక్కున్నట్టు ఉంటుంది ఈ పద్ధతి, ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి ఉక్కపోస్తుంది.

ఆ నియమం కూడా పూర్తిగా అమలు కాదు. పెర్త్ జట్లు రెండూ, అడిలైడ్ జట్లు రెండూ, సిడ్నీ జట్లు, క్వీన్స్‌లాండ్ జట్లు తమలో తాము ఏడాదికి రెండుసార్లు ఆడాల్సిందే, పట్టికలో ఎక్కడున్నా సరే. మెల్‌బోర్న్‌లో పెద్ద క్లబ్బుల మధ్య జనాన్ని లాగే మ్యాచ్‌లు రెండుసార్లు పెట్టాలన్న ఒత్తిడి ఉంటుంది. ఆరు ఖాళీల్లో ఒకటో రెండో ఇలా ముందే నిండిపోయాక మిగిలిన వాటిలో న్యాయం వెతుక్కోవాలి.

నా సూచన చాలా మామూలు లెక్క. ఏడాదికి ఆరు రెండో మ్యాచ్‌లు అంటే మూడేళ్లకు 18. ప్రత్యర్థులు 17. మూడేళ్లలో ప్రతి జట్టుతోనూ ఒక ఏడాది రెండుసార్లు ఆడేలా చక్రం తిప్పితే ఇంకా ఒక మ్యాచ్ మిగులుతుంది. పెర్త్ లాంటి చోట డెర్బీ (ఒకే ఊరి జట్ల మధ్య మ్యాచ్) ఏటా రెండుసార్లు ఉండాలంటే దానికి మూడు పోతాయి, మిగిలిన 15లో 16 జట్లను సర్దాలి, ఒక్కటే తక్కువ పడుతుంది. అంతకన్నా దగ్గరగా వచ్చే లెక్క ఏముంది? ఒక్కసారే ఆడే జట్లతో ఈ ఏడాది మన గ్రౌండ్ అయితే వచ్చే ఏడాది వాళ్లది. ఈ చక్రాన్ని మూడేళ్ల ముందే ప్రకటిస్తే ఎవరి మీదా అనుమానం ఉండదు. అమెరికా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలాంటి చక్రమే నడుస్తోంది. 32 జట్లు, ఒక్కొక్కరికి 17 మ్యాచ్‌లే, అయినా రాబోయే ఏళ్లలో ఎవరితో ఆడాలో చాలావరకు ముందే తెలుస్తుంది. మా జూనియర్ లీగ్‌లో చివరి నాలుగేళ్లు మేం చేసింది అదే. ఫోన్ చేసి తిట్టే కోచ్‌ల సంఖ్య సగానికి సగం తగ్గింది. 2028లో టాస్మేనియా 19వ జట్టుగా వస్తే లెక్కలన్నీ మళ్లీ వేయాల్సిందే, ఆ మార్పుతోపాటే ఇదీ మొదలుపెట్టొచ్చు.

17 మ్యాచ్‌లయ్యాక జట్లను మూడు గ్రూపులు చేసి చివరి ఐదు మ్యాచ్‌లు గ్రూపులో ఆడించాలనే ఆలోచన ఒకటి ఇక్కడ చాలాసార్లు చర్చకొచ్చింది. వినడానికి బాగుంటుంది, నాకు నచ్చలేదు. చివరి ఐదు వారాల్లో ఏ గ్రౌండ్‌లో ఆడతారో తెలియకుండా సభ్యత్వాలు ఎలా అమ్ముతారు? కింది గ్రూపులో చిక్కుకున్న జట్టు ఆగస్టులో దేని కోసం ఆడుతుంది?

ప్రయాణం గురించి రెండు మాటలు. పెర్త్ నుంచి మెల్‌బోర్న్ దాదాపు 2,700 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయే దూరానికి రెట్టింపు. పెర్త్ జట్లయిన వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్ ఆటగాళ్లు ఏడాదికి దాదాపు పదిసార్లు ఇలా విమానమెక్కుతారు. కొన్ని మెల్‌బోర్న్ క్లబ్బులు రాష్ట్రం దాటేది ఐదారుసార్లే. కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్ అయితే 2059 దాకా ఎంసీజీలోనే (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) అని ఒప్పందం రాసేశారు. 2015లో పట్టికలో రెండో స్థానంలో ఉన్న వెస్ట్ కోస్ట్, మూడో స్థానంలో ఉన్న హాథార్న్‌తో హాథార్న్ సొంత గ్రౌండ్ లాంటి ఎంసీజీలో గ్రాండ్ ఫైనల్ ఆడి ఓడింది. మనం మెల్‌బోర్న్‌వాళ్లం, మన ఇబ్బంది గురించి మాట్లాడేటప్పుడు పెర్త్ వాళ్లది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక టీవీ. 2025 నుంచి 2031 వరకు ఏడేళ్లకు సెవెన్ ఛానల్, ఫాక్స్‌టెల్ (డబ్బు కట్టి చూసే టీవీ), టెల్‌స్ట్రా (ఫోన్ కంపెనీ)లతో 450 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ఒప్పందం కుదిరింది. ఈ దేశ క్రీడల్లో అంత పెద్ద ఒప్పందం అంతకుముందు లేదు. సెవెన్ ఉచిత ఛానల్, వారానికి కొన్ని మ్యాచ్‌లే ఇస్తుంది. ఫాక్స్‌టెల్ వారి ఛానల్ ఫాక్స్ ఫుటీ, స్ట్రీమింగ్ సర్వీసు కాయోలో నెలనెలా డబ్బు కడితే గ్రాండ్ ఫైనల్ తప్ప మిగతావన్నీ లైవ్ వస్తాయి. ముఖ్యమైన క్రీడలు ఉచిత టీవీలో రావాలని ఇక్కడ ఒక చట్టం ఉంది, ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2024లో దాన్ని స్ట్రీమింగ్‌కు కూడా వర్తింపజేశారు. కానీ ఆ చట్టం ఉచిత ఛానళ్లకు కొనుక్కునే మొదటి అవకాశం మాత్రమే ఇస్తుంది. కొని చూపించి తీరాలని ఎక్కడా లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీరు గమనించని తేడా ఇంకొకటుంది. పెర్త్, అడిలైడ్‌లలో సొంత రాష్ట్రపు జట్ల మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఉచిత ఛానల్‌లో వస్తాయి. రెండు జట్లే కాబట్టి కుదురుతుంది. మెల్‌బోర్న్‌లో తొమ్మిది జట్లు, పక్కనే జీలాంగ్. అందరికీ చోటుండదు, కాబట్టి ఎంచుతారు. ఆ ఎంపికలో ఎవరు నెగ్గుతారో మీరు ప్రతి శుక్రవారం చూస్తున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా కొదవ ఉండదని మన పెద్దలు అన్నది ఈ పంక్తి చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

శుక్రవారం రాత్రికి ఎందుకంత విలువ? ఆ సమయంలో సాధారణంగా ఒక్కటే మ్యాచ్ ఉంటుంది, దేశమంతా అదే చూస్తుంది. జెర్సీ మీద లోగో వేయించుకునే కంపెనీ ముందుగా అడిగేది శుక్రవారాలు ఎన్ని అని. ఎక్కువ కనిపించిన జట్టుకు మంచి స్పాన్సర్ దొరుకుతాడు, పిల్లలు ఆ జట్టు స్కార్ఫ్ కొంటారు, సభ్యులు పెరుగుతారు. సభ్యులు ఎక్కువున్నారు కాబట్టి వచ్చే ఏడాది మళ్లీ వాళ్లకే శుక్రవారాలు. కాలింగ్‌వుడ్‌కు లక్షకు పైగా సభ్యులున్నారు, నార్త్‌కు అందులో సుమారు సగం. ఈ తేడా పూర్తిగా ఆట వల్ల వచ్చిందేనా? ఎస్సెండన్ 2004 తర్వాత ఒక్క ఫైనల్స్ మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా యుద్ధాల్లో పోయిన సైనికులను స్మరించే ఆన్‌జాక్ డే (ఏప్రిల్ 25) నాటి పెద్ద మ్యాచ్ 1995 నుంచి, కోవిడ్ వల్ల జరగని 2020 తప్ప, ప్రతి ఏడాదీ కాలింగ్‌వుడ్, ఎస్సెండన్‌లదే. ఇక్కడి ఆదివాసుల గౌరవార్థం రిచ్‌మండ్‌తో ఆడే డ్రీమ్‌టైమ్ మ్యాచ్ కూడా ఎస్సెండన్‌దే.

ఆన్‌జాక్ డే సంప్రదాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మొదటి ఏడాది 94,825 మంది వచ్చారు, మ్యాచ్ డ్రాగా ముగిసింది. మౌనం పాటించే ఆ నిమిషంలో అంత పెద్ద స్టేడియంలో ఊపిరి వినిపిస్తుంది. నేను నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ కళ్లు చెమర్చాయి. ఆ రోజును ఆ రెండు క్లబ్బులూ కష్టపడి నిర్మించాయి. నేను అడిగేదల్లా, అలాంటి పెద్ద రోజు చేతిలో ఉన్న క్లబ్బుకు మళ్లీ శుక్రవారాల్లో కూడా పెద్ద వాటా ఎందుకని.

నార్త్ అభిమానికి ఈ విషయం మరీ గుచ్చుకోవడానికి కారణముంది. మెల్‌బోర్న్‌లో శుక్రవారం రాత్రి ఫుటీని 1985లో మొదలుపెట్టిందే నార్త్. శనివారం మధ్యాహ్నం తప్ప వేరే సమయం ఊహించని రోజుల్లో, పెద్దగా డబ్బు లేని ఈ క్లబ్బు ఎంసీజీ లైట్ల కింద ఆడి చూపించింది. ఆ ఆలోచన బాగా పండింది. పండాక ఆ పంట పెద్దవాళ్ల గాదెలోకి వెళ్లింది. 2007లో జట్టును గోల్డ్ కోస్ట్‌కు తరలించాలని లీగ్ పెద్ద మొత్తం ఆశ చూపినప్పుడు నార్త్ సభ్యులు వద్దన్నారు, ఇక్కడే ఉంటామన్నారు. అలా నిలబడటానికి హోమ్ మ్యాచ్‌లు అమ్ముకోవాల్సి వచ్చింది. 2012 నుంచి టాస్మేనియాలోని హోబార్ట్‌లో ఆడారు. 2025లో రెండు హోమ్ మ్యాచ్‌లను పశ్చిమ ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు, ప్రత్యర్థులు అక్కడి జట్లే. పేరుకు మన హోమ్ మ్యాచ్, విమానమెక్కింది మనవాళ్లు. హాథార్న్ లాన్సెస్టన్‌లో, బుల్‌డాగ్స్ బలరాట్‌లో, మెల్‌బోర్న్ జట్టు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆడటం వెనుకా ఎంతోకొంత డబ్బు లెక్కే ఉంది. ఫిక్చర్ అన్యాయం టీవీతో మొదలై ఇలా మళ్లీ ఫిక్చర్‌లోకే వచ్చి చేరుతుంది.

ఓడిపోయే జట్టును శుక్రవారం ఎవరు చూస్తారు అనే వాదన మీ ఆఫీసులో కూడా వింటారు. అందులో కొంత నిజముంది. నార్త్ ఈ మధ్య కాలంలో ఆడిన తీరు చూసి నేనే కొన్ని రాత్రులు టీవీ కట్టేశాను. కానీ అదే కొలత పెద్ద క్లబ్బులకు వాడరు, వాళ్లు పట్టిక అడుగున ఉన్న ఏళ్లలో కూడా వాళ్లకు వెలుగు దొరికింది. లీగ్ చెప్పే రెండో సమాధానం, తక్కువ ఆదాయమున్న క్లబ్బులకు కేంద్ర నిధి నుంచి ఎక్కువ ఇస్తున్నాం కదా అని. ఇస్తున్నారు, అది నిజం, ఆ డబ్బు లేకపోతే మూడు నాలుగు క్లబ్బులు ఈపాటికి మూతపడేవి. అయితే ఆ చెక్కు క్లబ్బు ఖాతాలో పడుతుంది. మా వీధిలో ఏడేళ్ల పిల్లాడికి అది కనబడదు. వాడికి శుక్రవారం రాత్రి కనిపించిన జట్టే కనిపిస్తుంది.

ఆదివారం సాయంత్రం సంగతి మీకు తెలుసు. నాలుగున్నర దాటాక మొదలై ఏడు దాటాక ముగుస్తుంది. చలికాలంలో మా చిన్నవాడిని ఆ మ్యాచ్‌కు తీసుకెళ్లి, సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి, ఇల్లు చేరేసరికి వాడు నా భుజం మీద నిద్రపోయేవాడు. మర్నాడు స్కూలు. వరుసగా నాలుగు ఆదివారాలు అలా అయ్యాక మా ఆవిడ ఇక చాలంది. ఆమెను తప్పుపట్టలేను. ఖాళీ కుర్చీలు చూపించి ఈ క్లబ్బుకు ఆదరణ లేదనేవాళ్లు, ఆ కుర్చీలు ఏ టైములో ఖాళీగా ఉన్నాయో కూడా చెప్పాలి.

నేను కోరేది ప్రతి జట్టుకూ సమానంగా శుక్రవారాలు పంచమని కాదు. కనీసం ఇన్ని గురు, శుక్రవారాలు ప్రతి క్లబ్బుకూ గ్యారంటీ, ఆదివారం చివరి స్లాట్ ఏ క్లబ్బుకూ ఇన్నింటికి మించి ఉండకూడదు, ఈ రెండు అంకెలు టీవీ ఒప్పందంలోనే రాయాలి. సంతకం అయ్యాక ఛానళ్లను బతిమాలితే పని జరగదు. ప్రస్తుత ఒప్పందం 2031లో ముగుస్తుంది, దాని తర్వాతి దాని బేరం అంతకు చాలా ముందే మొదలవుతుంది. క్లబ్బు సభ్యుల సమావేశాల్లో ఈ ప్రశ్న వేయాల్సిన సమయం అదే. అలాగే ఏ క్లబ్బు ఏం అడిగింది, ఛానల్ ఏం అడిగింది, దేన్ని ఒప్పుకున్నారు, దేన్ని కాదన్నారు అన్నది ఫిక్చర్‌తోపాటు బయటపెట్టాలి. మా చిన్న లీగ్‌లో ఒక పేజీ నోట్ పెట్టేవాళ్లం, ఆకాశమేమీ విరిగిపడలేదు.

మీరు సొంతంగా చూసుకోవాలంటే, ఫిక్చర్ సాధారణంగా నవంబర్‌లో వస్తుంది. ఒక కాగితం మీద మీ జట్టు రెండుసార్లు ఆడే ఆరు జట్లు రాసి, పక్కన గత ఏడాది వాళ్ల స్థానం రాయండి. కింద గురు, శుక్రవారం మ్యాచ్‌లెన్నో, ఆదివారం చివరివి ఎన్నో లెక్కపెట్టండి. సీజన్ రెండో సగంలో చాలా మ్యాచ్‌లకు రోజు, టైము తర్వాత ఖరారు చేస్తారు కాబట్టి ఆ గడులు ఖాళీగా ఉంచి తర్వాత నింపండి. ఆరు రోజుల కన్నా తక్కువ విశ్రాంతి దొరికిన వారాలకు ఎర్ర చుక్క పెట్టండి. తర్వాత కాలింగ్‌వుడ్‌కు అదే కాగితం వేయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఆఫీసులో ఆ పెద్ద క్లబ్బు అభిమానులకు చూపించండి. నేను పదేళ్లుగా ఆ పని చేస్తున్నాను. కాగితం చూశాక నాతో వాదించినవాళ్లు తక్కువ.